షెడ్యూల్లో లేని బారసాల

కుర్చీలు అక్కర్లేదు, చాప మీదకే రండి. ఇంకాస్త దగ్గరికి. నా గొంతు ఇప్పుడు దూరం పోవడం లేదు. సముద్రపు గాలిలో జనాన్ని కేకేసి కేకేసి అరిగిపోయింది. మీలో కొందరికి షూటింగుల్లో పనిచేయాలని ఆశ ఉందని విన్నాను. అది కూడా తెర మీద కనపడే పని కాదట. ఏ రోజు ఏది తీయాలో, ఎవరు ఎక్కడ ఉండాలో, ఏ బండి ఎవరిని తేవాలో చూసుకునే పనట. ప్రొడక్షన్ అంటారు దాన్ని. నేను ఆ పనిలోనే తల నెరిసి మానేసిన మనిషిని. చదువు ఐదో తరగతి దగ్గర ఆగింది కాబట్టి పుస్తకాల్లో ఉండే సంగతులు నా దగ్గర లేవు. మైపాడు అవతల ఒక చేపల పల్లెలో జరిగిన సంగతి ఒకటి ఉంది. అది చెబుతాను, వినండి.

నేను ఈ పనిలోకి వంట గిన్నెల వైపు నుంచి వచ్చాను. మాది తోటపల్లి గూడూరు దగ్గర ఊరు. పెళ్లయిన కొద్దికాలానికే మా ఇంటాయన జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. అన్న ఇంట్లో ఉంటూ రొయ్యల గుంటల దగ్గరికి కూలికి వెళ్లేదాన్ని. అప్పుడు మా వైపు ఏదో టీవీ సీరియల్ తీయడానికి వచ్చినవాళ్లకు వడ్డించే మనుషులు కావలసి వచ్చారు. వెళ్లాను. వాళ్ల పని ముగిసి బండ్లు కదిలే రోజున వంటమాస్టరు నువ్వూ రాకూడదా అన్నాడు. ఎందుకన్నాడో తెలియదు, మాటవరసకే అయి ఉంటుంది. నేను మాత్రం బండి ఎక్కేశాను.

వడ్డించేటప్పుడు ఎవరి తిండి ఏమిటో నాకు గుర్తుండిపోయేది. కెమెరా ఆయనకు వంకాయ పడదు. లైట్ల మేస్త్రీకి చక్కెర జబ్బు. మేకప్ అమ్మాయి శుక్రవారం ఒంటిపూట. ఇది కనిపెట్టింది మా ప్రొడక్షన్ కంట్రోలరు గారు. షూటింగుకు కావలసిన మనుషులను, సామాన్లను, రోజులను కూడగట్టుకుని నడిపించే పెద్ద ఆయనే. తిండి గుర్తున్న మనిషికి డేట్లూ గుర్తుంటాయి అని చెప్పి, నా చేత గరిటె వదిలించి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ఆయన నేర్పిన మొదటి పాఠం, కథ జరిగే వరసలో షూటింగ్ జరగదని. ఒక ఇంట్లో జరిగేవన్నీ ఒకేసారి తీసేయాలి, ఒక నటి ఉన్న రోజుల్లోనే ఆమెవన్నీ తీసేయాలి, అందుకని ముందు చావు తీసి తర్వాత పెళ్లి తీయాల్సి వస్తుంది. నాకు ఇది కొన్నాళ్లు బుర్రకెక్కలేదు. పెళ్లి కాకముందే బిడ్డ పుట్టింది ఎట్లా తీస్తారు సార్ అని అడిగితే యూనిట్ అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. విస్తట్లో చివర వడ్డించే పెరుగుకు నువ్వు ముందురోజే పాలు తోడువేయవా అని అడిగారు. అంతే, ఆ తర్వాత నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వడ్డించే వరస వేరు, వండే వరస వేరు. వంటింట్లో పెరిగిన ఏ ఆడమనిషికైనా ఇది తెలిసిన విషయమే. తెలుసునని తెలియదు, అంతే తేడా.

ఇంకొకటి ఆయన నేర్పలేదు, నేనే తెలుసుకున్నాను. ఈ పనిలో ఉన్నవాళ్లకు యూనిట్ నిండా మనుషులు ఉంటారు గాని తోడు ఎవరూ ఉండరు. బండి ఆలస్యమైతే మన పేరు వినపడుతుంది. అన్నీ సవ్యంగా జరిగితే ఎవరి పేరూ వినపడదు. అందరూ షాట్ చూడటానికి గుమికూడినప్పుడు మనం రోడ్డు మీద రావలసిన జనరేటరు కోసం ఎదురుచూస్తుంటాం. నేను ఇన్నేళ్లు పనిచేసిన సీరియళ్లలో ఒక్క మంచి షాటు కూడా జరుగుతుండగా చూడలేదంటే మీరు నమ్మరు. ఊరూరా లాడ్జి గదులు, గోడకు మేకు, మేకుకు నా సంచి. సాయంత్రం ఎవరో ఒకరి ఇంటి నుంచి ఫోన్లు వస్తూ ఉంటాయి, తిన్నావా, ఎప్పుడొస్తావు అని. నా ఫోన్ కూడా మోగుతూనే ఉండేది; రేపు కారు ఎన్నింటికి అని అడగడానికి.

సరే, అసలు సంగతికి వస్తాను.

ఒక సీరియల్లో కొన్ని భాగాలు సముద్రం దగ్గర తీయాల్సి వచ్చింది. కథలో ఒక జాలరి చనిపోతాడు, అతని భార్య ఒడ్డున నిలబడి, మర్నాడు తెల్లవారుజామున ఊరి పడవలన్నీ మళ్లీ వేటకు వెళ్లడం చూస్తుంది. మైపాడు అవతల పల్లె కుదిరింది. ఆ పల్లెవాళ్లు ఇంట్లో అరవం కలిసిన మాట మాట్లాడుకుంటారు, బయట మన మాటే. నేను ఆ వైపు మనిషినే కాబట్టి కంట్రోలరు గారు ఈ షెడ్యూలు నీదే, నువ్వే వెయ్యి అన్నారు. మొదటిసారి ఒక షెడ్యూలు మొత్తం నా చేతికి రావడం. నాకు సముద్రం పక్క ఊళ్లన్నీ తెలుసని ఆయన అనుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. మాది వరి కయ్యలు, రొయ్యల గుంటల ఊరు. సముద్రం మాకు కనిపించేంత దూరమే గాని, వేటకు వెళ్లే ఇంట్లో నేను ఒక్క పూట కూడా గడపలేదు.

ఊరి పెద్దకాపును కలిసి మాట్లాడాను. నల్లగా, పొడుగ్గా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఒకరోజు శవయాత్ర తీసుకుంటాం, మర్నాడు తెల్లవారి మీరు మామూలుగా వేటకు వెళ్లేటప్పుడే పడవలు కెమెరాలో తీసుకుంటాం, మీ పనికి అడ్డం రాము అని చెప్పాను. ఆయన ఊళ్లో వాళ్లను అడిగి సరే అన్నాడు. భార్య వేషం వేసే పెద్ద నటికి మా దగ్గర రెండే రోజులు ఉన్నాయి, రెండో రోజు సాయంత్రం నెల్లూరులో ఆమె చెన్నై రైలు ఎక్కాలి. అన్నీ అమరినట్టే ఉన్నాయి.

మొదటి రోజు శవంగా పడుకోవలసిన నటుడు నెల్లూరు నుంచి రాలేదు, జ్వరమట. ముఖం పూర్తిగా కనపడనక్కర్లేదు, ఊళ్లో ఎవరైనా ఉంటే చూడండి అన్నాడు డైరెక్టరు. నేను వలలు బాగుచేసే పాక దగ్గరికి వెళ్లి అడుగుతుండగానే ఒక ముసలాయన లేచాడు. పడుకోవడమేగా, అది నాకు బాగా వచ్చు అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనకు భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. గుడిసె ఉంది గాని అందులో పొయ్యి రాజేయడని, పగలంతా పడవ మీదో, ఈ పాకలోనో ఉంటాడని తర్వాత తెలిసింది. వల లాగే బలం తగ్గినా పడవలో నీళ్లు తోడిపోస్తూ, చుక్కాని పట్టుకుంటూ రోజూ వేటకు వెళ్లేవాడు. ఆయనకు ఇల్లంటే ఆ పడవలోని మనుషులే.

మా ఆర్ట్ వాళ్లు పాడె కట్టబోతుంటే పల్లె కుర్రవాళ్లకు అది నచ్చలేదు. ఇట్లా కాదని చెప్పి వాళ్లే విప్పేసి మళ్లీ కట్టారు. డైరెక్టరుకు ప్రాణం లేచొచ్చింది, అసలైనట్టు వస్తోందని. మోసేవాళ్లుగా కూడా వాళ్లనే నిలబెట్టాడు. కుండ పట్టుకుని ముందు నడవడానికి కొడుకు వేషం ఒకటి ఉంది. అది ముసలాయనకు తమ్ముడి కొడుకు వరసయ్యే అతను చేశాడు. మధ్యలో పెద్ద నటి శవం మీద పడి ఏడుస్తూ ఉండగా ముసలాయన నిజంగానే నిద్రపోయి గుర్రుపెట్టాడు. ఆమె ఏడుపు ఆపకుండానే ఆయన చెవిలో, స్వామీ, కాస్త చచ్చిపోండి అన్నదట. ఆ రోజంతా అదే నవ్వు.

సినిమావాళ్లకూ నమ్మకాలు ఉంటాయి. శవంగా పడుకున్న మనిషిని లేచాక కెమెరా ముందు నవ్వించి ఆ నవ్వును తీసుకుంటాం, ఆ దోషం పోవాలని. ముసలాయన పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వాడు. కంట్రోలరు గారు బూడిద గుమ్మడికాయతో దిష్టి తీయించారు. మా పద్ధతి ప్రకారం అన్నీ అయిపోయాయి.

మర్నాడు తెల్లవారకముందే కెమెరా ఒడ్డున నిలబెట్టారు. ఆ రోజు నేను కూడా చూద్దామని కాసేపు నిలబడ్డాను. పడవలు వరసగా ఉన్నాయి, మగవాళ్లు పడవల పక్కన ఉన్నారు. ముసలాయన రోజూ ఎక్కే పడవ దగ్గరికి వెళ్లి అందరితో పాటు నెట్టడానికి చెయ్యి వేశాడు. ఆ పడవ మీద ఉన్న మిగతా చేతులన్నీ లేచిపోయాయి. ఆయన చెయ్యి ఒక్కటే పడవ మీద ఉంది. కాసేపటికి ఆయన కూడా తీసేసుకుని, వెనక్కి తిరిగి సరుగుడు తోపు వైపు నడిచి వెళ్లిపోయాడు.

డైరెక్టరు యాక్షన్ యాక్షన్ అని అరుస్తూనే ఉన్నాడు. ఒక్క పడవా కదలలేదు.

పెద్దకాపు నా దగ్గరికి వచ్చాడు. ఆయన ముఖంలో కోపం లేదు, నిద్రలేదు. రాత్రంతా ఆడవాళ్లు నిలదీశారట. ఇది వేషమే కదా, లేచి నవ్వాడు కూడా కదా అని నేను అన్నాను.

"వేషం మీదమ్మా. మాది గాదు గదా" అన్నాడు. "పాడె కట్టింది మావోళ్లే. మోసింది మావోళ్లే. కుండ పగలగొట్టింది ఆయనకు కొడుకు వరసవోడే. ఇంకేం తక్కువైందో నువ్వే చెప్పు. మా పిల్లకాయలకు నటించేది తెలీదు. చేసినారంటే చేసినట్టే."

మేము తెచ్చుకున్న నటులైతే పాడె తప్పుగా కట్టేవాళ్లు, తప్పుగా మోసేవాళ్లు, ఏ బాధా లేకపోయేది. అసలైనట్టు ఉండాలని మేము అడిగాం, వాళ్లకు అట్లా తప్ప ఇంకోలా చేయడం రాదు. మా గుమ్మడికాయ మా యూనిట్ దిష్టి తీసింది గాని ఊరి దోషం దాని వల్ల అయ్యేది కాదు. పాడె ఎక్కిన మనిషిని పడవ ఎక్కించుకుంటే ఆ పడవ తిరిగొస్తుందని ఎవరు చెప్పగలరు? అది తేలేవరకు ఏ పడవా నీళ్లలో దిగకూడదని ఊరు కట్టడి చేసుకుంది. దాన్ని వాళ్లు దురాయి అంటారు. ఒకసారి వేసుకుంటే పెద్దకాపు కూడా దాటలేడు.

కంట్రోలరు గారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అప్పటికే ఫోన్లో ఉన్నారు. తీరం వెంబడి కొంచెం దక్షిణంగా ఇంకో పల్లె ఉంది, అక్కడ పడవలు దొరుకుతాయి, మధ్యాహ్నానికి కెమెరా అక్కడ పెట్టుకోవచ్చు. ఆయన చెడ్డవారు కాదు. అది ఆయన పని. ఒక దారి మూసుకుంటే ఇంకో దారి తెరవడానికే ఆయనకు జీతం. బండ్లు సర్దించు అన్నారు నాతో. నేను బండ్ల దగ్గరికి వెళ్లకుండా సరుగుడు తోపు వైపు వెళ్లాను.

ముసలాయన చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. ఎవరో ఆడమనిషి టీ గ్లాసు తెచ్చి, ఆయన చేతికి ఇవ్వకుండా ఇసుకలో పెట్టి వెళ్లింది. నేను పక్కన కూర్చున్నాను.

"యాడ కూర్చున్నావ్ తల్లీ, నాకాడ మైల" అన్నాడు.

మాకు మైల లేదు తాతా, మేము చర్చికి పోయేవాళ్లం అన్నాను.

"మీకు లేకపోతే ఏంది, మాకుంది గదా." టీ తాగాడు. "చచ్చినోడికి నొప్పులుండవనుకుంటారు. నిన్న ఆ కట్టెల మీద పడుకున్నందుకు నడుం పట్టేసింది."

నేను నవ్వలేకపోయాను. ఆయనే మళ్లీ అన్నాడు, సముద్రం వైపు చూస్తూ. "వోళ్లమీద నాకేం కోపం లేదు. నేనైనా ఎక్కించుకోను. కానీ పొద్దున లేస్తే యాడికి పోవాలో, అదే తెలీట్లా."

నేను ఆ తోపులో నుంచి లేచి నేరుగా పెద్దకాపు దగ్గరికి వెళ్లి, ఇంతకుముందు ఎప్పుడైనా ఇట్లాంటిది జరిగిందా, దీనికి దారి లేదా అని అడిగాను. ఒకసారి జరిగిందన్నాడు. వాళ్ల తాత కాలంలో ఒకతను సముద్రంలో తప్పిపోతే, ఇక రాడని దినాలు కూడా చేసేశారట. ఎక్కడో ఒడ్డుకు కొట్టుకుపోయి బతికి తిరిగొచ్చాడు. అతన్ని గడప తొక్కనీయలేదు. చివరికి మళ్లీ పుట్టించుకున్నారు. పసిబిడ్డకు పోసినట్టు నీళ్లు పోసి, ఉయ్యాలలో వేసి, కొత్త పేరు పెట్టి, బారసాల చేశారు. ఆ రోజు నుంచి అతను చచ్చిన మనిషి కాదు, కొత్తగా పుట్టినవాడు.

మరి చేయండి అన్నాను.

చేయొచ్చు గాని మేనత్త ఎవరు అన్నాడు. చెవిలో పేరు చెప్పేది మేనత్తే కదా. చచ్చినవాడికి చుట్టమైన మనిషి పుట్టినవాడికి పేరు పెట్టకూడదు, పాత చావు వెంట వస్తుంది. ఈ పల్లెలో ఆయనకు ఏదో ఒక వరస కాని ఆడది లేదు. పెద్ద నటిని అడుగుదామంటే ఆమె నిన్ననే ఆయనకు భార్యగా ఏడ్చింది. ఇంత చెప్పి, ఆయనకు ఏ వరసా కాని నన్ను చూశాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను బండి ఎక్కి వెళ్లిపోయాక మా అన్నకు ముగ్గురు పిల్లలు పుట్టారు. మాలో బారసాల అనరు, చర్చిలో పేరు పెట్టి ప్రార్థన చేస్తారు, తర్వాత ఇంట్లో భోజనాలు. ఏ ఒక్కదానికీ నన్ను పిలవలేదు. సినిమావాళ్లతో తిరిగే మనిషి వచ్చి బిడ్డను ఎత్తుకుంటే నలుగురూ ఏమనుకుంటారని మా వదిన అన్నదట. ఆ పిల్లల పేర్లు నాకు వేరేవాళ్లు చెబితే తెలిశాయి. మేనత్త అయి కూడా ఒక్క బిడ్డ నోట అత్తా అనిపించుకోని మనిషిని నేను. పెద్దకాపు నన్ను చూసినప్పుడు నాకు ఇదంతా గుర్తొచ్చింది. గుర్తొచ్చి భయం వేసింది కూడా. ఊరికే నాటకం ఆడినట్టు పేరు చెప్పి వెళ్లిపోతే వీళ్లు ఒప్పుకోరు. చేశామంటే చేసినట్టే, అది ఇప్పుడే విన్నాను.

సరే అన్నాను.

కంట్రోలరు గారి దగ్గరికి వెళ్లి రేపు తెల్లవారేదాకా ఈ పల్లెలోనే ఆగుదామని అడిగాను. విషయం విన్నారు. బారసాల షెడ్యూల్లో ఏ గడిలో రాయమంటావు, సీను నంబరు ఎంత అన్నారు. ఎక్కడా రాయనక్కర్లేదు, ఎవరినీ ఖాళీగా కూర్చోబెట్టను, చూడండి అని చెప్పడం మొదలుపెట్టాను. పెద్ద నటి పడవలను చూడాలి, నిజమే. కానీ ఆమె చూసే సముద్రం ఈరోజు తీసుకోవచ్చు, సముద్రంలో పడవలు రేపు తీసుకోవచ్చు. మధ్యలో ఎడిటింగు కలుపుతుంది. ఆమె ముఖం తీశాక, మధ్యాహ్నానికి అనుకున్న గుడిసె లోపలి సీన్లు ఇప్పుడే తీసేయండి. ఆమె రైలు ఆమెకు అందుతుంది. రేపటికి కెమెరా, దాని మనుషులు ఉంటే చాలు, లైట్ల బండి ఈ రాత్రే పంపేయవచ్చు, వంట కూడా సగమే చాలు. వేళ్లు మడిచి చెప్పాను, లెక్క తప్పలేదు.

ఆయన డైరెక్టరును పిలిచి అడిగారు. ఖాళీ సముద్రాన్ని చూస్తూ ఏడవడం ఇంకా బాగుంటుందేమో అన్నాడు డైరెక్టరు. కంట్రోలరు గారు కుర్చీలోంచి లేచి, "తేడా వస్తే మాత్రం నీ పేరే చెబుతానమ్మా" అన్నారు. అది ఆయన ఒప్పుకునే పద్ధతి.

పాకలో రెండు పడవల ముక్కులకు వల కట్టి ఉయ్యాల చేశారు. ముసలాయనకు పసుపు నీళ్లు పోసి, కొత్త పంచె కట్టి తీసుకొచ్చారు. సిగ్గుతో తల ఎత్తడం లేదు. వలలో పడుకోబెడితే మోకాళ్లు పైకి, తల ఒక వైపుకు, చేప పడ్డట్టే పడ్డాడు. ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బిడ్డ బరువుగా పుట్టాడని ఒకామె, తల్లి ఏం తిన్నదో అని ఇంకొకామె. తిరిగి పుట్టడం గురించి మా చర్చిలో ఎన్ని ఆదివారాలు విన్నానో లెక్కలేదు. వలలో పుడతారని మాత్రం పాస్టరు గారు ఎప్పుడూ చెప్పలేదు. లోపల ఒక చిన్న ప్రార్థన చేసుకుని ముందుకు వెళ్లాను.

పెద్దకాపు భార్య నా భుజం మీద చెయ్యి వేసి, వంగి చెవిలో మూడుసార్లు చెప్పమంది. అప్పటికి పేరు సంగతి నేను ఆలోచించనే లేదు. వంగేసరికి దానంతట అదే నోటికి వచ్చింది. మా అన్నకు మగబిడ్డ పుడితే పెడదామని చిన్నప్పుడెప్పుడో నాలో నేను అనుకున్న పేరు. ఆ పేరు మీకు చెప్పను. అది ఆయనది.

పుట్టినవాడు ఏడవాలి కదా అని పెద్దకాపు భార్య ఆయన పాదం గట్టిగా గిల్లింది. ఆయన నవ్వాడు. మళ్లీ గిల్లింది. నవ్వుతూనే ఉన్నాడు, నవ్వుతూ నవ్వుతూ ఎక్కడో తేడా వచ్చింది. ముఖం మీద చేతులు కప్పుకుని ఏడవడం మొదలుపెట్టాడు. ఆపలేకపోయాడు. ఆడవాళ్ల నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వల ఊగుతూనే ఉంది. చివరికి ఆయనే చేతులు తీసి, నన్ను చూసి, నాకంటే ఎంతో పెద్దవాడు, "అత్తా, నన్ను దించు, కాలు తిమ్మిరెక్కింది" అన్నాడు.

దించడానికి ఊళ్లో మగవాళ్లందరూ ఒకేసారి చేతులు వేశారు. పొద్దున పడవ మీద నుంచి లేచిన చేతులే.

మర్నాడు తెల్లవారి పడవలు వెళ్లాయి. నేను చూడలేదు. ఆ సమయానికి నేను మైపాడు రోడ్డు మీద, దారి తప్పిన వ్యాను డ్రైవరుకు ఫోన్లో దారి చెబుతున్నాను. ఒడ్డు నుంచి ఒక్కసారిగా కేకలు వినిపించాయి, అంతే. తర్వాత డైరెక్టరు చాలా బాగా వచ్చిందని అందరితోనూ చెప్పాడు. కంట్రోలరు గారు వెళ్తూ వెళ్తూ కారు అద్దం దించి, తర్వాతి షెడ్యూలు కూడా నువ్వే వెయ్యి అన్నారు. కారు వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక చివరన ఉండి, తీసుకున్నవి తిరిగి ఇచ్చేసి, ఒడ్డు శుభ్రం చేయించి రావడం కూడా మా పనే. పొద్దెక్కాక పడవలు తిరిగొచ్చాయి. ఇసుక మీద చేపలను కుప్పలు పోశారు, పడవలో వెళ్లిన ప్రతి మనిషికీ ఒక వాటా, పాలు అంటారు దాన్ని. పెద్దకాపు కుప్పలన్నీ చూసి, చివరి కుప్ప వైపు చెయ్యి చూపి నేను పెట్టిన పేరు పిలిచాడు. ముసలాయన ముందుకొచ్చాడు. ఎవరూ పక్కకు జరగలేదు. ఆయన ఆ కుప్పలో నుంచి ఏరి ఏరి మంచి చందువాలు తాటాకు బుట్టలో వేసి నా చేతికి ఇచ్చాడు.

"పుట్టినోడి తొలి పాలు మేనత్తకే. పులుసు పెట్టుకో, చింతకాయ వేసి."

పెట్టుకుంటాను అన్నాను.

ఆటోలో నెల్లూరు బస్టాండుకు వచ్చాను. హైదరాబాదు బస్సుకు ఇంకా సమయం ఉంది. మర్నాడు అక్కడ వేరే షూటింగు. బుట్ట కారుతూ ఉంటే కూర్చున్నవాళ్లు జరిగి కూర్చున్నారు. లాడ్జి గది పొద్దునే ఖాళీ చేసేశాను. ఉన్నా అక్కడ పొయ్యి లేదు. కాస్త అవతల మా ఊరి వైపు వెళ్లే బస్సు నిలబడి ఉంది. కండక్టరు కేకేస్తున్నాడు. అన్న ఇంట్లో పొయ్యి ఉంది, చింతకాయలూ ఉంటాయి. ఆ బస్సు ఎదురుగా చాలాసేపు నిలబడ్డాను. అది వెళ్లిపోయింది.

బస్టాండు గేటు దగ్గర జామకాయలు అమ్మే ఆమెకు ఆ చేపలు ఇచ్చేశాను. ఆమె నమ్మలేక, ఎందుకిస్తున్నావక్కా, మీ ఇల్లు యాడ అని అడిగింది. నేను సంచి భుజానికి తగిలించుకున్నాను. ఆమె మంచిది. మా ఇల్లు వెనక సందులోనే, వండుతాను, నువ్వూ వచ్చి తినిపో అన్నది. నా బస్సు వచ్చేసింది.

నాలుగు రోజుల తర్వాత ఫోన్ మోగింది. కారు కోసం అనుకుని ఎత్తాను. అత్తా అన్నాడు. పెద్దకాపు ఫోనులో నుంచి చేశాడట. పడవలో వెళ్తున్నావా అంటే వెళ్తున్నానన్నాడు, చుక్కాని తనకే ఇచ్చారన్నాడు. తర్వాత, చేపలు ఎట్టా ఉన్నాయి, తిన్నావా అని అడిగాడు. నేను లైట్ల మధ్య, తీగల మధ్య నిలబడి ఉన్నాను. బాగున్నాయి, తిన్నాను అన్నాను.

ఇంతే సంగతి. ఇక లేవండి, పొద్దుపోతోంది, మీ వాళ్లు ఎదురుచూస్తుంటారు. ఎవరైనా ప్రేమతో మీ చేతిలో ఏదైనా పెడితే, దాన్ని తీసుకెళ్లడానికి మీకొక ఇల్లుండాలి. ఆ ఇంట్లో రాజుకునే పొయ్యి ఉండాలి, మీ అడుగుల చప్పుడుకు తలుపు తీసే మనిషి ఉండాలి. ఎన్ని ఊళ్లు తిరిగే పని చేసినా మీ కంచం ఆ ఇంట్లో మీకోసం బోర్లించి ఉండాలి. దేవుడు మీ గడపను అట్లా చల్లగా చూడాలి.